కూరగాయల వాటాకి ఆరు నెలల డబ్బు ముందే కట్టాను, మూడు వారాలుగా సొరకాయే వస్తోంది. ఉండాలా, మానాలా?

లాయర్‌పేట_వంటిల్లు
ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో ఐదుగురు రైతులు కలిసి మందులు కొట్టకుండా కూరగాయలు పండిస్తున్నారు. మా ఆడపడుచు చెబితే జులైలో చేరాను. ఆరు నెలల డబ్బు ముందే కట్టాలి, 7,800 రూపాయలు. 26 వారాల పాటు ప్రతి శనివారం సాయంత్రం మా వీధి చివర ఒకరింటి అరుగు మీద సంచులు పెట్టి వెళ్తారు. సుమారు ఆరు కిలోలు. ఏం పండితే అదే, మనం ఏరుకునేది ఉండదు.

ఐదు వారాలు అయింది. మొదటి రెండు వారాలు బీరకాయలు, దోసకాయలు, తోటకూర, లేత బెండకాయలు వస్తే ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ తర్వాత మూడు వారాలూ సొరకాయే. ఒక్కోటి రెండు కిలోలు తూగుతుంది. దాంతో పాటు కాసిని బెండకాయలు, ఒక గోంగూర కట్ట. టమాటా ఒక్కటంటే ఒక్కటి రాలేదు. క్యారెట్, బీన్స్ ఊసే లేదు. పోయిన శనివారం వచ్చిన వంకాయల్లో సగం పుచ్చులు. చిన్నవాడు సొరకాయ ముట్టడు. టమాటాలు, ఉల్లిపాయలు ఎలాగూ బయట కొంటున్నాం కాబట్టి ఖర్చు రెండు వైపులా అవుతోంది. "డబ్బు చేతిలో పడ్డాక ఎవరైనా అంతే" అని మా అత్తగారు రోజుకోసారి అంటున్నారు.

మిగిలిన డబ్బు వెనక్కి అడగనా, ఇంకొన్నాళ్లు చూడనా? ఇలాంటి వాటిలో చేరినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బాలాజీనగర్_బాబాయ్
రైతు బజారు ఉండగా ఇదంతా ఎందుకమ్మా? 1999 నుంచి ఉన్నాయి అవి. పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్తే బోర్డు మీద రాసిన ధరకి, మన చేత్తో ఏరుకుని తెచ్చుకోవచ్చు. పుచ్చు కనపడితే పక్కన పెట్టేస్తాం. ముందు డబ్బు కట్టి వాళ్లు పెట్టింది తినడం నాకైతే మింగుడు పడదు.

సొరపాదు
అక్కా, డబ్బు సంగతి పెద్దవాళ్లు చెబుతారు. సొరకాయ సంగతి నేను చెబుతాను. ఒక వారం ఎండు రొయ్యలు వేసి వండండి, కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన కాయకి అదే న్యాయం. ఇంకో వారం పాలు పోసి. మూడో వారం ముక్కలు పులుసులోకి, తొక్కు పచ్చడికి. చిన్నవాడికి సొరకాయ కోరి బియ్యప్పిండిలో కలిపి అట్టు పోయండి, అడిగి మరీ తింటాడు.

మాగుంట_లేఅవుట్
నాకు చేదు అనుభవం ఉంది, చెప్పి తీరాలి. రెండేళ్ల కిందట నెల్లూరులో ఒకళ్లు ఇలాగే మూడు నెలల డబ్బు కట్టించుకున్నారు. "మా పొలం, మా పంట" అన్నారు. మే నెలలో కూడా సంచిలో క్యాబేజీ, బీన్స్, క్యారెట్ వచ్చేవి. మేం ఎంత బాగా ఇస్తున్నారో అని మురిసిపోయాం. ఒకరోజు మా వారు తెల్లవారుజామున బస్సు దిగి వస్తుంటే వాళ్ల ఆటోనే మార్కెట్లో బస్తాలు ఎక్కించుకుంటూ కనిపించింది. గట్టిగా అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. 2,400 రూపాయలు పోయాయి. డబ్బు కంటే, పిల్లలకి మంచి తిండి పెడుతున్నానని మూడు నెలలు నమ్మాను చూడండి, అది బాధ.

లాయర్‌పేట_వంటిల్లు
@మాగుంట_లేఅవుట్ ఇది చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది.

కందుకూరు_మాస్టారు
పెరగక్కర్లేదమ్మా. ఆవిడ చెప్పినదాన్నే తిప్పి చూడు. మే నెలలో నెల్లూరు ఎండకి క్యాబేజీ కట్టదు. ఆ సంచిలో క్యాబేజీ ఉండటమే మోసానికి గుర్తు. నీ సంచిలో ఆగస్టులో సొరకాయ, బెండ, గోంగూర ఉన్నాయి, క్యారెట్ లేదు. అంటే అవి కొత్తపట్నం ఇసుకలో పండినవే అనడానికి మంచి ఆధారం నీ ఫిర్యాదులోనే ఉంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1970ల్లో జపాన్‌లో పురుగుమందుల భయంతో కొందరు గృహిణులు నేరుగా రైతులతో ఒప్పందం చేసుకున్నారు. దాన్ని వాళ్లు తెయికెయ్ అంటారు. పండిందంతా తీసుకోవాలన్నది వాళ్ల నియమాల్లో ఒకటి. 1986లో అమెరికాలో మసాచుసెట్స్‌లో ఒక పొలం, న్యూహాంప్‌షైర్‌లో ఒక పొలం ఇదే దారిలో మొదలయ్యాయి. అక్కడ సీఎస్‌ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) అంటారు. అన్నిటికీ మూలం ఒకటే. నువ్వు కట్టింది కూరగాయల ధర కాదు, ఆ పంటలో వాటా. కాపు బాగుంటే నీకూ బాగుంటుంది, పోతే నీకూ పోతుంది.

లెక్కల_మనిషి
మాస్టారూ, మాట బాగానే ఉంది కానీ లెక్క చూద్దాం. 7,800 బై 26 అంటే వారానికి 300. ఆరు కిలోలకి కిలో 50. పోయిన వారం నేను ఒంగోలులో కొన్న ధర బెండ 40, సొరకాయ ఒకటి 25. అంటే ఈ మూడు వారాలు ఆవిడ బజారు కంటే ఎక్కువే ఇచ్చారు. పైగా ఆరు నెలల డబ్బు వాళ్ల దగ్గరే ఉంది. నష్టంలో వాటా అని మాస్టారు పింఛను మనిషి కాబట్టి చెప్పగలరు. నెల జీతం మీద బతికే ఇంటికి 7,800 ఒకేసారి తీయడమే కష్టం. నెలనెలా కట్టించుకోవచ్చు కదా?

దొరువు_నీళ్లు
నేను రైతుని. మీరు చెప్పిన ఐదుగురిలో లేను, మాది సింగరాయకొండ వైపు. కానీ మాదీ అదే ఇసుక, అదే సముద్రపు గాలి. మూడేళ్లుగా 14 ఇళ్లకి ఇలాగే వాటాలు ఇస్తున్నాను. కాస్త పొడుగ్గా చెబుతాను.

మా తాత కాలంలో దొరువు తవ్వి, అందులోకి దిగి, రెండు చేతులా కడవలతో నీళ్లు ముంచి మొక్కమొక్కకీ పోసేవాళ్లు. ఇసుక నేలలో పైన తీపి నీళ్లు పలచగా ఉంటాయి. లోతుకి బోరు వేస్తే ఉప్పు లాగేస్తుంది. అందుకే ఇప్పటికీ దొరువే దిక్కు. మోటారు, డ్రిప్ వచ్చాయి, అంతే తేడా. ఈ నేల ఎరువుని నిలుపుకోదు. ఘన జీవామృతం (పేడ, బెల్లం, పప్పుల పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు), పేడ, ఆకు పదేపదే వేస్తూనే ఉండాలి.

పెట్టుబడి ఎప్పుడు కావాలి? విత్తనం పెట్టక ముందు. పందిరికి గుంజలు, తీగ, డ్రిప్ పైపులు, కూలి, అన్నీ జూన్‌లోనే. నేను ఇదివరకు కమీషన్ కొట్టు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాణ్ని. అప్పు తెచ్చాక సరుకు ఆయనకే వేయాలి. ధర ఆయన చెప్పిందే. అమ్మిన దాంట్లో నూటికి పది ఆయన కమీషన్. గంప వంకాయలు 60 రూపాయలకి వదిలేసి బస్సుకి నిలబడ్డ రోజులున్నాయి. ముందు డబ్బు ఎందుకు అడుగుతారంటే ఆ గుమ్మం ఎక్కకుండా ఉండటానికి. లెక్కల మనిషి అన్నట్టు నెలనెలా కట్టించుకోవచ్చు. నా 14 ఇళ్లలో నాలుగు ఇళ్లు అలాగే కడుతున్నాయి. కానీ అందరూ నెలనెలా అంటే నేను మళ్లీ కొట్టుకే పోవాలి.

సొరకాయకి వద్దాం. తీగకి కాపు అందుకున్నాక ఆపడం మన చేతిలో ఉండదు. రోజు మార్చి రోజు కోయాలి. కోయకుండా ముదరనిస్తే కొత్త పిందె నిలవదు. మీ రైతుల తప్పు ఎక్కడంటే, అందరూ విత్తనం ఒకేసారి పెట్టి ఉంటారు. ఒకరు పెట్టిన పదిహేను రోజులకి ఇంకొకరు పెట్టాలి. ఐదుగురూ కూర్చుని ఎవరు ఏది, ఎప్పుడు అని పంచుకోవాలి. మొదటి ఏడు నేనూ ఇదే తప్పు చేశాను, మా వాటాదారులు ఆరు వారాలు దోసకాయ తిన్నారు. రెండు కిలోల కాయ ఇవ్వడమూ తప్పే. కిలో లోపు ఉన్నప్పుడే కోయాలి.

ఇంకో తప్పు, మీకు చెప్పకపోవడం. "ఇంకో రెండు వారాలు సొరకాయే వస్తుందమ్మా, తర్వాత గోరుచిక్కుడు అందుకుంటుంది" అని ఒక్క చీటీ రాసి సంచిలో వేస్తే మీరు ఇక్కడ ఇంత బాధపడేవాళ్లు కాదు.

సొరపాదు
గోరుచిక్కుడు అంటే మా నెల్లూరు మటిక్కాయలే కదన్నా?

దొరువు_నీళ్లు
అవే తల్లీ. మీరు ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలు అన్నా మా సంచిలో అవే వస్తాయి.

లాయర్‌పేట_వంటిల్లు
@దొరువు_నీళ్లు అన్నా, మరి టమాటా?

దొరువు_నీళ్లు
ఆగస్టులో నారు పోస్తాం. సెప్టెంబరులో నాటు. కార్తీకంలో మొదటి కాయ. అప్పటి నుంచి మాఘం దాకా మీరు వద్దనేంత. వేసవి ఎండకి ఇక్కడ పూత నిలవదు, రాలిపోతుంది. మీరు ఇప్పుడు కొంటున్న టమాటా మదనపల్లె వైపు నుంచి లారీలో వచ్చేది. పాదు చిక్కుడూ అంతే, చలి పడితేనే కాపు.

అనుమకొండ_నుంచి_ఒంగోలు
2023 జులైలో టమాటా కిలో 150 దాటినప్పుడు నేను ఒక వాటాలో ఉన్నాను. మా సంచిలోనూ టమాటా లేదు. గోంగూర, దోసకాయ, చింతచిగురు ఉండేవి. పప్పులోకి అవే వేసుకున్నాం. నెల గడిచాక చూస్తే టమాటా లేని లోటు వంటలో కనపడలేదు. ఈ ఊళ్లో మా అత్తగారి అత్తగారు ఎండాకాలం అంతా ఇలాగే వండేవారట.

లెక్కల_మనిషి
@దొరువు_నీళ్లు మీ రెండు రూపాయల వడ్డీ లెక్క నాకు తట్టలేదు. 7,800 మీద ఆరు నెలలకి 936 అవుతుంది. 14 ఇళ్లంటే 13 వేల పైమాట. అంత మిగిలితే కాయలో కొంత వాటాదారుకి ఎక్కువ ఇవ్వొచ్చు కూడా. అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. డబ్బు ఉన్న ఇళ్లే చేరగలిగే పద్ధతి సగమే మంచి పద్ధతి. అర వాటా పెట్టాలి, నెలనెలా కట్టే వీలు కొందరికైనా ఉండాలి.

దొరువు_నీళ్లు
ఒప్పుకుంటాను. అర వాటా నేను దసరా నుంచి పెడుతున్నాను.

రిటైర్డ్_వ్యవసాయం
వ్యవసాయ శాఖలో 31 ఏళ్లు పనిచేశాను. వంకాయల సంగతి ఎవరూ ఎత్తలేదు, అది అన్నిటికంటే ముఖ్యం.

పుచ్చు ఉంది కాబట్టి మందు కొట్టలేదు అని చాలామంది అనుకుంటారు. అది రుజువు కాదు. కాయతొలుచు పురుగు పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరిపోతుంది. ఆ తర్వాత పైన ఎంత కొట్టినా దానికి తగలదు. అందుకే వంకకి వారానికి రెండుసార్లు కొట్టేవాళ్లని నేను చూశాను, అయినా పుచ్చులు ఉండేవి. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. ఆ తర్వాత కూడా తోటల్లో ఆ డబ్బాలు చూసి రైతులతో గొడవపడ్డాను.

కాబట్టి కాయని చూసి నమ్మకండి, తోటకి వెళ్లి చూడండి. లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి మగ పురుగుల్ని పట్టేవి, కట్టారా? వాడిన కొమ్మల చివర్లు తుంచి దూరంగా పారేస్తున్నారా, అక్కడే చెట్టు కింద వదిలేస్తున్నారా? జీవామృతం డ్రమ్ము ఉందా, కలిపితే కదలికలో ఉందా, ఎండి పెచ్చులు కట్టిందా? ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నిజంగా చేసేవాడు ఈ లెక్క తడుముకోకుండా చెబుతాడు. ఐదుగురు ఉన్నారు కాబట్టి సేంద్రియ పంటకి సర్టిఫికెట్ ఇచ్చే పీజీఎస్ పద్ధతిలో గుంపుగా నమోదు అయ్యారా అని కూడా అడగండి. దానికి కనీసం ఐదుగురు రైతులుండాలి, ఒకరి పొలం ఇంకొకరు తనిఖీ చేసుకుంటారు. సర్టిఫికెట్ లేదంటే దొంగ అని కాదు. అడిగినప్పుడు ముఖం చిట్లించాడా, కూర్చోబెట్టి చెప్పాడా, అది చూడండి.

బాలాజీనగర్_బాబాయ్
సార్ చెప్పింది విన్నాక ఒకటి ఒప్పుకోవాలి. రైతు బజారులో నేను ధర అడుగుతాను, బరువు చూస్తాను. ఏ మందు కొట్టావని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

పెన్నా_గట్టు
నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మేం నెల్లూరులో 18 ఇళ్లం, ఇందుకూరుపేట వైపు ఒక కుటుంబం దగ్గర వాటా తీసుకున్నాం. 2021 సెప్టెంబరులో డబ్బు కట్టాం. నవంబరులో పెన్నా వచ్చింది. సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు, పైన వాన. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు వేలాడాయి, ఆ ఫొటోలు అందరూ చూశారు. మా రైతు తోట ఎవరూ చూడలేదు. ఒండ్రు మోకాలి లోతు. పందిళ్లు పడుకున్నాయి. టమాటా అప్పుడే మొదటి కోతకి వచ్చింది.

నీళ్లు తీశాక ఆయన మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇంటింటికీ ఎంత తిరిగివ్వాలో ఒక నోటు పుస్తకంలో రాసుకుని తెచ్చాడు. ఇంట్లోవాళ్ల బంగారం పెట్టి సంక్రాంతిలోపు ఇచ్చేస్తాను అన్నాడు. మా నాన్న ఆ పుస్తకం తీసుకుని చూసి, మడిచి ఆయన చేతిలోనే పెట్టారు. "విత్తనం పెట్టు" అన్నారు. ఆ సాయంత్రం అందరం మాట్లాడుకున్నాం. ముగ్గురు తమ డబ్బు కావాలన్నారు, వాళ్లకి నిజంగానే ఇబ్బంది ఉంది. మిగతా 15 ఇళ్లం కలిసి వాళ్లకి ఇచ్చేశాం. ఏడు వారాలు సంచి రాలేదు. ఎనిమిదో వారం తోటకూర, మెంతికూర వచ్చాయి. ఒండ్రు పడ్డ నేల కదా, ఆ ఆకు అంత పెద్దది నేను మళ్లీ చూడలేదు.

మన జిల్లాల్లో పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. తుఫాను అప్పుడే, టమాటా, చిక్కుడు కాపు అప్పుడే. చేరేవాళ్లు ఈ మాట ముందే అడగాలి. తుఫాను వస్తే మీరేం చేస్తారు, మేమేం చేయాలి అని. మేం అడగలేదు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

కందుకూరు_మాస్టారు
2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను అప్పుడు మా ఊళ్లో ఇలా గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డ రైతుని అప్పుల వాళ్లు తప్ప ఎవరూ పలకరించలేదు. నీ రాత మా అమ్మాయికి చదివి వినిపించాను.

మాగుంట_లేఅవుట్
@పెన్నా_గట్టు ఆ కుటుంబం ఇప్పటికీ ఇస్తున్నారా? ఇస్తుంటే నాకు లోపల సందేశం పెట్టండి.

పెన్నా_గట్టు
ఇస్తున్నారు. ఇప్పుడు 26 ఇళ్లు. సందేశం పెట్టాను.

లాయర్‌పేట_వంటిల్లు
ఆదివారం కొత్తపట్నం వెళ్లి వచ్చాను. మా వారు, పిల్లలు, అత్తగారు అందరం. రిటైర్డ్_వ్యవసాయం గారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను.

జీవామృతం డ్రమ్ము ఉంది, వాసనే చెప్పింది. లెక్క అడిగితే రైతు కంటే ముందు ఆయన భార్య చెప్పింది. బుట్టలు మాత్రం వంగతోటలో రెండే ఉన్నాయి, అవీ ఎండకి విరిగాయి. కొత్తవి కొనడానికి డబ్బు సరిపోలేదని ఒప్పుకున్నారు. పీజీఎస్ నమోదు కాలేదు, అడిగితే పక్కన కూర్చుని ఎందుకు కాలేదో చెప్పారు. ఐదో రైతు ఈ ఏడాదే చేరాడట.

సొరకాయ సంగతి దొరువు_నీళ్లు అన్న చెప్పినట్టే. ఐదుగురిలో ముగ్గురు ఒకే వారం విత్తారు. ఆవిడ నా చేయి పట్టుకుని "మీరు ఏమనుకుంటున్నారో మాకు ఎవరూ చెప్పలేదమ్మా, సంచి పెట్టి వచ్చేస్తాం కదా" అంది. నాకు మాట రాలేదు. నేను ఇక్కడ ఇంతమందికి చెప్పాను, ఆవిడకి ఒక్క ఫోన్ చేయలేదు.

మూడు మాట్లాడుకున్నాం. ప్రతి సంచిలో చీటీ, వచ్చే రెండు వారాల్లో ఏం రావచ్చో రాసి. అరుగు మీద ఒక మార్పిడి బుట్ట, వద్దన్నది అందులో వేసి ఇంకొకరు వద్దన్నది తీసుకోవచ్చు. తుఫాను వచ్చి మూడు వారాలు దాటి సంచి రాకపోతే ఆ వారాలు చివర్లో కలుపుతారు, డబ్బు వెనక్కి ఉండదు. ఇది మా వీధి వాటాదారులు 11 మందికీ చెప్పాను. ఇద్దరు ఇంకా గొణుగుతున్నారు, వాళ్లని వచ్చే ఆదివారం తీసుకెళ్తాను. వంగతోటకి బుట్టల డబ్బు మేం తొమ్మిది మందిమి వేసుకుంటున్నాం.

చిన్నవాడు దొరువులోకి దిగి బయటికి రానన్నాడు. అత్తగారు వాళ్ల గోంగూర మడిలో కూర్చుని తనే కోసుకున్నారు. ఇంటికొచ్చాక "డబ్బు చేతిలో పడ్డాక" అన్న మాట మళ్లీ రాలేదు. సంక్రాంతి దాకా ఉంటాం.

రిటైర్డ్_వ్యవసాయం
బుట్టలు కొనేటప్పుడు వంగకి ఎర వేరే అని చెప్పండి, కొట్లో మిరపదీ పత్తిదీ అంటగడతారు. ఎకరానికి ఎన్ని కట్టాలో, ఎర ఎన్నాళ్లకి మార్చాలో ప్యాకెట్ మీద ఉంటుంది, చదివించుకోండి.

లెక్కల_మనిషి
అర వాటా ఉందేమో అడిగారా?

లాయర్‌పేట_వంటిల్లు
అడిగాను. ఇద్దరు కలిసి ఒక వాటా తీసుకుంటే ఇస్తామన్నారు. మీరు ఒకరైతే మా పక్కింటావిడ రెండో మనిషి, ఆవిడ సిద్ధంగా ఉంది.

లెక్కల_మనిషి
నా పేరు రాయించండి.

సొరపాదు
ఈ శనివారం చీటీలో ఏముందక్కా?

లాయర్‌పేట_వంటిల్లు
బీరకాయలు, మటిక్కాయలు, తోటకూర, సొరకాయ ఒకటి. కిలో లోపుది. ఎండు రొయ్యలు కొత్తపట్నంలోనే కొని తెచ్చాను.